క్రియ చిక్కిన కర్త చిక్కును

ప్రశ్న: ఆంగ్లవాక్యములో క్రియను, నామవాచకమును, కర్తను గుర్తించుట యెట్లు? (ఒక విద్యార్థి, వేంపల్లె)

జవాబు: తెలుఁగువాక్యమున క్రియ సామాన్యముగా చివర నుండుటయు, ‘వచ్చితిని’ అన్నంతనే కర్త యెవరో ప్రత్యయమే తెలుపుటయు మనకు అలవాటు గనుక, క్రియను నడుమ నిలిపి కర్తను విడువక పలుకు ఆంగ్లవాక్యము మీకు చిక్కుగా తోఁచుట సహజమే. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి, 1840లో తెలుఁగువ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన బ్రౌనుదొర ఈ రెండు భాషల నడిమి దారినే ఎదురుదిశనుండి నడిచెను.

మొదట క్రియను పట్టుకొనుఁడు. మీ పాపఘ్నినదిని తలఁచుకొని ‘ది స్టోన్స్ ఇన్ ది రివర్ షైన్’ అను వాక్యమును తీసికొందము. దీనిని నిన్నటి సంగతిగా మార్చినచో ‘షైన్’ ఒక్కటే ‘షోన్’ అగును. కాలముతో మాఱినది గనుక అదియే క్రియ. పిమ్మట ‘ఏవి మెఱసినవి?’ అని ప్రశ్నింపుఁడు: రాళ్లు, కావున ‘స్టోన్స్’ కర్త. క్రియకు ప్రక్కనే యున్న ‘రివర్’ను కర్త యని పొరపడుట మన బాలురలో తఱచు, అది నామవాచకమే గాని, ‘ఇన్’ అను పదమున కధీనమైనది. నామత్వము పదముయొక్క జాతి. కర్తృత్వము వాక్యములో దాని స్థానము.

ఆ జాతియైనను స్థిరము కాదు: ‘ది వాటర్ ఈజ్ కోల్డ్’ అనుచోట నామమైన ‘వాటర్’, ‘దే వాటర్ ది ప్లాంట్స్’ అనుచోట క్రియ యగును. ‘ఇట్ రెయిన్డ్’ వంటి వాక్యములో మాత్రము కురిసినదెవరని వెదకకుఁడు. అచ్చట ‘ఇట్’ స్థానపూరణమునకై నిలిచిన కర్త.