తీగ ఎవరు వేయాలి? డబ్బు ఎవరు పెట్టాలి?



మన వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఏ సందులో తలెత్తి చూసినా కరెంటు తీగలతో పోటీపడుతూ ఇంటర్నెట్ తీగలు కనిపిస్తాయి. అదే కరకట్ట వెంట దివిసీమ లంకల వైపు వెళ్తే ఆ పోటీ కనిపించదు. కారణం చిన్నదే. కిలోమీటరు తీగ వేయడానికి ఎక్కడైనా ఖర్చు తప్పదు. బిల్లు కట్టే ఇళ్లు మాత్రం సందులో వందలు, లంకలో కొన్నే. లాభం లేని చోటికి కంపెనీ రాదు.

ఇది మనకు పరాయి విషయం కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, కౌన్సెలింగ్ అన్నీ ఆన్‌లైనే. 2020లో కరోనా వల్ల హాస్టళ్లు మూసి ఇళ్లకు పంపినప్పుడు సిగ్నల్ కోసం డాబా ఎక్కినవాళ్లు, కాలువ గట్టు మీద కూర్చుని పాఠం విన్నవాళ్లు మనలో చాలామంది.

యూరప్‌లో ఈ చిక్కు దేశాల సరిహద్దుల దగ్గర వచ్చింది. ఏ దేశం తన తీగలు తాను వేసుకుంది. రెండింటినీ కలిపే పని ఎవరి లెక్కలోనూ లేదు. అందుకే 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలో రోడ్లు, విద్యుత్తుతో పాటు టెలికాం వలలను కలపడం కూడా ఉమ్మడి బాధ్యత అని రాసుకున్నారు. దీవులను, మారుమూల ప్రాంతాలను ప్రత్యేకంగా చూడాలన్నారు. అయితే మాట వేరు, బడ్జెట్ వేరు. 2011లో ఇంటర్నెట్ వలలకు, డిజిటల్ సేవలకు 920 కోట్ల యూరోలు కావాలని ప్రతిపాదిస్తే, 2013 నాటి బేరసారాల్లో అది సుమారు 100 కోట్లకు పడిపోయింది. ధనిక దేశాల్లోనూ ముందుగా కోత పడింది దీనికే!

మన దేశంలో ఇందుకోసం 2002 ఏప్రిల్ 1 నుంచి సార్వత్రిక సేవా నిధి ఉంది. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో ప్రతి 100 రూపాయలకు 5 రూపాయలు దీనికి కట్టాలి. అంటే మనం చేయించే రీఛార్జిలోనూ కొంత అటు పోతోందన్నమాట. ఇక్కడో మెలిక ఉంది. ఆ డబ్బు నేరుగా నిధిలో పడదు. ముందు కేంద్ర ఖజానాకు చేరుతుంది, పార్లమెంటు కేటాయిస్తేనే బయటికి వస్తుంది. వసూలు ఎక్కువ, ఖర్చు తక్కువ అనే విమర్శ ఏళ్ల తరబడి వినిపించింది అందుకే. 2024లో దీని పేరు డిజిటల్ భారత్ నిధిగా మారింది.

ఈ నిధితోనే 2011 అక్టోబరులో రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తీగ వేయాలని కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు దాన్నే భారత్‌నెట్ అంటున్నాం. రెండేళ్లలో పూర్తి చేస్తామన్నారు. 2017 చివరికి లక్ష పంచాయతీలు దాటాయి. ఆలస్యానికి ఒక కారణం, తీగను ఎక్కువగా భూమిలో తవ్వి వేయడం.

మన రాష్ట్రం వేరే దారి పట్టింది. ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోన్, టీవీ ఇచ్చారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు. స్తంభాల పద్ధతి చౌక, త్వరగా అవుతుంది. కానీ 1977 ఉప్పెన చూసిన సీమ మనది. స్తంభం పడితే తీగా పడుతుంది. అయినా తెగిన చోటు కంటికి కనిపిస్తుంది, అతికించడం తేలిక అని మా అభిప్రాయం. భూమిలో తెగితే ముందు ఎక్కడ తెగిందో వెతకాలి.

అసలు ఖాళీ ఇంకొకటి ఉంది. తీగ పంచాయతీ కార్యాలయం దాకా వచ్చి ఆగితే, అక్కడినుంచి బడికి, హాస్టల్‌కు, ఇంటికి ఎవరు వేయాలి? యూరప్ సరిహద్దు ప్రశ్నే మన ఊరి వీధిలోకి వచ్చిందన్నమాట. 2023 ఆగస్టులో కేంద్రం 1.39 లక్షల కోట్లతో భారత్‌నెట్‌ను విస్తరించినప్పుడు పంచాయతీ కేంద్రం కాని గ్రామాలనూ, అడిగితే వాటికీ కలిపేలా, లెక్కలో చేర్చింది.

ఈ సెలవుల్లో ఊరు వెళ్లినప్పుడు మీ పంచాయతీ కార్యాలయంలో ఫైబర్ పెట్టె ఉందో లేదో, దాని లైటు వెలుగుతోందో లేదో చూసి మాకు రాయండి. ఊరి పేరు, తేదీ మరువకండి. జాబితాను హాస్టల్ గోడపత్రికలో పెడతాం.