పటంలో అహోబిలం – కళ్లెదుట అహోబిలం



పీజీలో చేరిన మొదటి వారం, క్లాసులో మేడం గారు "మీ అహోబిలం కొండ గురించి చెప్పు" అన్నారు. నవ నారసింహులు, ఉగ్రస్తంభం అని ఆగిపోయాం. "అది పటంలో సంగతి. కొండ సంగతి చెప్పు" అన్నారామె. నోరు పెగల్లేదు. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు మీకు రాస్తున్నాం.

పటం సంగతి

1894లో రవివర్మ ముంబైలో ప్రెస్సు పెట్టాక దేవుళ్ల రంగుల పటాలు పేదల ఇళ్లకూ చేరాయి. అది రాతి అచ్చు. నున్నటి సున్నపురాయి పలకలపై, ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున బొమ్మ గీసి అచ్చు వేసేవారు. తర్వాత శివకాశి క్యాలెండర్లు వచ్చాయి. మన మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. గుడి గడప తొక్కనివ్వని ఆ రోజుల్లోనే దేవుడు పటమై మన పేటల గోడలెక్కాడు. అందుకే పటాన్ని చిన్నచూపు చూడకండి.

కొండ సంగతి

అహోబిలం నల్లమలలో ఉంది. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే ఇక్కడ సముద్రం అడుగున ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ రాయి అయింది. బురద షేల్ అనే పెళుసు రాయి అయింది. వానకు, భవనాశిని ఏటికి పెళుసు పొర అరిగిపోతుంది, గట్టి పొర నిలుస్తుంది. నిట్టనిలువు చరియలు, గుహలు అలా ఏర్పడినవే. చీలిన కొండలో భక్తులు నరసింహుడు వెలువడిన స్తంభాన్ని చూశారు. ఈ రెండు చూపులకూ పోట్లాట లేదు.

1872లో విలియం కింగ్ ఈ రాళ్లపై గ్రంథం రాస్తూ వీటికి కడప, కర్నూలు పేర్లే పెట్టాడు. బనగానపల్లె, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల కూడా రాతి పొరల పేర్లే. మన హాస్టలు గచ్చులోని నాపబండ ఆ కర్నూలు పొరల్లోని సున్నపురాయే. మా నాన్న బేతంచెర్ల వైపు గనుల్లో ఆ బండలు తీసి మమ్మల్ని చదివించాడు. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. నాన్న చేతిలోని బండ కూడా పాఠమేనని ఇరవై ఏళ్లు దాటాక గాని తెలియలేదు.

పటంలో చోటు దొరకనివాళ్లు

నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడు గనుక చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. సంక్రాంతి మరునాడు మొదలయ్యే పార్వేటలో స్వామి పల్లకి ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది, తన కల్యాణానికి రమ్మని పిలుస్తుంది. ఈ చుట్టరికం తెలియకపోతే అహోబిలం సగమే తెలిసినట్టు.

తమ్ముళ్లూ, ఈ సెలవుల్లో మీ ఊరి కొండ దగ్గరికి వెళ్లండి. నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: పటంలో ఉన్నది, కంటికి కనిపించింది, అవ్వాతాతలు చెప్పింది. రేపు ఎవరైనా "మీ కొండ సంగతి చెప్పు" అంటే మీరు మాలాగా తల వంచుకోకూడదు.