మోకాళ్ళ నొప్పులు: కీళ్ళ అరుగుదల గురించి తెలుసుకుందాము



ఉదయం మా ఓ.పి. బెంచీల మీద కూర్చున్న పెద్దవారిని “ఏమ్మా, ఏమి బాధ?” అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట. “మోకాళ్ళమ్మా! గుజ్జు అరిగిపోయిందట. ఇంక నడవకూడదట.” ఇందులో మొదటి మాట కొంతవరకు నిజమే. రెండవది తప్పు. ఈ తప్పు వలన జరిగే నష్టాన్ని మేము వార్డులో చూస్తున్నాము గనుక ఈసారి దీని గురించి వ్రాస్తున్నాము.

ఆ మధ్య ఒక తల్లిని కాళ్ళు, ముఖము వాచిపోయిన స్థితిలో తీసుకొని వచ్చారు. వయసు అరవై లోపే. నాట్లు వేసి, చెరకు తోటల్లో పని చేసి పిల్లలను పెంచిన మనిషి. మోకాళ్ళ నొప్పి వచ్చాక నడక మానేసింది, గుడికి రావడం మానేసింది. నొప్పి ఎక్కువైనప్పుడల్లా కొడుకు బిళ్ళలు కొని తెచ్చేవాడు. అలా రెండేళ్ళు రోజూ వేసుకున్నది. రక్తపరీక్ష చేస్తే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మోకాలి నొప్పి ప్రాణము తీసే జబ్బు కాదు. దానికి మనము చేసుకొనే సొంత వైద్యము ప్రాణము మీదికి తేగలదు.

మోకాలు ఎలా పనిచేస్తుంది?

తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట ముందువైపు మోకాలి చిప్ప ఉంటుంది. ఎముకల చివరల మీద లేత కొబ్బరిలాగా తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుంది. దీనిని మృదులాస్థి అంటారు. కీలు లోపల కొద్దిగా జిగట ద్రవము ఉంటుంది. మనవాళ్ళు గుజ్జు అనేది వీటినే.

ఈ పొరలో రక్తనాళాలు లేవు. కీలు కదిలి, బరువు పడి, వదిలినప్పుడు స్పంజి నీళ్ళు పీల్చుకున్నట్టు ఆ ద్రవము నుండే ఆహారము తీసుకుంటుంది. కాబట్టి కదలని కీలు పస్తు ఉన్నట్టే.

వయసుతోపాటు ఈ పొర పలుచబడి, గరుకై, ఎముకల అంచులకు చిన్న చిన్న ముళ్ళు పెరుగుతాయి. లోపల వాపు కూడా వస్తుంది. ఇదే ఆస్టియో ఆర్థరైటిస్. నొప్పికి భయపడి నడక మానితే తొడ కండరాలు నీరసపడతాయి. అప్పుడు అడుగు వేసినప్పుడల్లా అదురు అంతా కీలు మీదే పడి నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఎవరికి వస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో సుమారు 52.8 కోట్ల మందికి ఈ జబ్బు ఉన్నది. అందులో నూటికి 60 మంది స్త్రీలే. ఎక్కువగా వచ్చేది మోకాలికి. యాభై దాటినవారికి, బరువు ఎక్కువ ఉన్నవారికి, పాత దెబ్బలు ఉన్నవారికి, ఏళ్ళ తరబడి గొంతుకు కూర్చొని పని చేసినవారికి, తల్లిదండ్రులకు ఈ జబ్బు ఉన్నవారికి ఎక్కువగా వస్తుంది.

గుర్తులు

లేచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు నొప్పి. ఉదయము కాసేపు బిగుసుకొని ఉండడం, అరగంట లోపల సర్దుకోవడం. వంచితే గరగరమనే చప్పుడు. కొన్నాళ్ళకు కాళ్ళు విల్లులాగా వంగడం.

ఉదయము గంటకు పైగా బిగుసుకొని ఉండి, చేతి వేళ్ళు కూడా వాస్తే అది రుమటాయిడ్ అనే కీళ్ళవాతము కావచ్చును. 2006లో మన రాష్ట్రములో చికున్‌గున్యా వచ్చినప్పుడు నెలల తరబడి కీళ్ళనొప్పులు పడినవారు మనలో ఉన్నారు. అది కూడా వేరు. ఏ నొప్పి అయినదీ డాక్టరుగారే చూసి చెప్పాలి. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువ కనిపించినా హాయిగా నడిచేవారు ఉన్నారు. ఫిల్ము చూసి దిగులు పడవద్దు.

మొదటి వైద్యము: వ్యాయామము

1. మంచము మీద కాళ్ళు చాపి కూర్చోండి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలితో దానిని కిందికి నొక్కండి. అయిదు లెక్కపెట్టి వదలండి.

2. వెల్లకిలా పడుకొని ఒక మోకాలు మడవండి. రెండవ కాలు నిటారుగా ఉంచి జానెడు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి మెల్లగా దించండి.

3. కుర్చీలో కూర్చొని ఒక కాలు ముందుకు చాపి, అయిదు లెక్కపెట్టి దించండి.

4. గట్టి కుర్చీ గోడకు ఆనించి, అందులో నుండి లేచి మరల కూర్చోండి. మొదట చేతుల సాయము తీసుకోవచ్చును.

ఒక్కొక్కటి పదిసార్లు, రెండు కాళ్ళకు, ఉదయము సాయంత్రము చేయండి. చదునైన దారిలో పది నిమిషాల నడకతో మొదలుపెట్టి అరగంటకు పెంచండి. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉంటే భయము లేదు. మరునాటికి నొప్పి ఎక్కువైతే కొంచెము తగ్గించి చేయండి, మానవద్దు. గుణము కనిపించడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది.

బరువు

ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారము తగ్గుతుంది. రాత్రి అన్నము సగము చేసి కూర, పప్పు పెంచండి. టీలో పంచదార, బెల్లము తగ్గించండి. చోడి అంబలి మంచిదే గాని అదీ అన్నము లెక్కలోనిదే. అన్నము తిని పైన అంబలి తాగితే బరువు తగ్గదు.

ఇంట్లో మార్పులు

బట్టలు ఉతకడానికి, కూర తరగడానికి ఎత్తు పీట గాని స్టూలు గాని వాడండి. మరుగుదొడ్డిలో కమోడు కుర్చీ పెట్టించండి. ప్రార్థనకు మోకరించలేనివారు కుర్చీలో కూర్చోండి, అందులో సిగ్గు లేదు. చేతికర్ర పట్టుకొనేవారు నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతితో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది దీనిని తిరగేసి పట్టుకుంటున్నారు.

మందులు

ముందుగా పైపూత వాడాలి. డైక్లోఫెనాక్ జెల్ వంటివి మోకాలికి బాగా పనిచేస్తాయి, కడుపుకు చేసే హాని తక్కువ. నొప్పి బిళ్ళలు డాక్టరుగారు చెప్పినన్ని రోజులే వేసుకోవాలి. బి.పి., షుగరు, గుండె జబ్బు, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అడగకుండా ఒక్క బిళ్ళ కూడా వేసుకోవద్దు. పేరు లేని పొడులు, నాటు బిళ్ళలు ఒక్క రోజులో నొప్పి తీసేస్తే అనుమానించండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చును. దాని వలన షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు ఉపశమనము ఇస్తుంది. 2017లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో రెండేళ్ళపాటు మూడు నెలలకొకసారి ఈ సూది వేసినవారికి నొప్పి ప్రత్యేకముగా తగ్గలేదు, పొర మాత్రము ఎక్కువ అరిగింది. కాబట్టి మాటిమాటికీ అడగవద్దు.

ఆపరేషన్

ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉండి, ఇంట్లో నడవడమే కష్టమైనప్పుడు మోకాలి మార్పిడి ఆలోచించాలి. విశాఖపట్నము కె.జి.హెచ్. వంటి పెద్ద ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారి సలహా తీసుకోండి. అమర్చిన కీళ్ళలో నూటికి 80కి పైగా 25 సంవత్సరాలు పనిచేస్తున్నట్టు విదేశాల లెక్కలు చెబుతున్నాయి. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము కృత్రిమ కీళ్ళ ధరకు హద్దు పెట్టింది. ఆపరేషన్ తరువాత కూడా పైన చెప్పిన వ్యాయామాలు తప్పవు.

వెంటనే రావలసినప్పుడు

మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరము వస్తే. పడిన తరువాత కాలు మోపలేకపోతే. కీలు ఇరుక్కుపోయి కదలకపోతే. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

మేము మొదట చెప్పిన ఆ తల్లికి బిళ్ళలు ఆపించి, మంచము మీదనే తువ్వాలు వ్యాయామము నేర్పాము. నాలుగు నెలలకు మనుమరాలి భుజము పట్టుకొని మా మెట్లు ఎక్కి వచ్చింది. నడక తిరిగి వచ్చింది. మూత్రపిండాలు మాత్రము మునుపటిలాగా కాలేదు. ఇప్పటికీ పరీక్షకు వస్తూనే ఉన్నది.

కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు మా మనవి ఒకటే. అమ్మకు ఈసారి బిళ్ళలు తేవద్దు. ఒక గట్టి కుర్చీ తెచ్చి పెట్టండి. సాయంత్రము పది నిమిషాలు పక్కన నడవండి. ఇప్పటివరకు ఆమె వేసుకున్న బిళ్ళల అట్టలన్నీ ఒక కవరులో వేసి ఓ.పి.కి తీసుకురండి. అవి చూసి, అవసరమైతే రక్తపరీక్ష చేయించి, తరువాత ఏమి చేయాలో చెబుతాము.