బస్సెక్కితే ఫోనివ్వక తప్పదా?

సమస్య: మేడమ్, మేముండేది సూర్యాపేటలో. అత్తగారిల్లు కోదాడ, పుట్టిల్లు మిర్యాలగూడ. పండగైనా పబ్బమైనా ఈ మూడూళ్ల మధ్యే తిరుగుడు. సూర్యాపేటకు రైలు లేదు, మాకు కారు లేదు, ఆర్టీసీ బస్సే దిక్కు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో ఎప్పుడు చూసినా రద్దీయే. మా పాపకు రెండున్నరేళ్లు. బస్సు కదలంగనే ఒళ్లో నిలవదు, ఒకటే లొల్లి. కార్టూన్లు పెట్టి ఫోనిస్తే దిగేదాకా చప్పుడు చెయ్యదు. దిగేటప్పుడు ఫోను తీసుకుంటే మాత్రం బస్టాండులో కిందపడి ఏడుస్తుంది. ఒక్కోసారి దారిలో వాంతి కూడా చేసుకుంటుంది. ‘మా పిల్లలు ఏ ఫోన్లు చూసి పెరిగిండ్రు?’ అని అత్తమ్మ దెప్పుతుంది. ‘ఇచ్చెయ్, లేకుంటే బస్సంతా మనల్నే చూస్తది’ అంటాడు మా ఆయన. నేనేం చెయ్యాలి?
– ఒక తల్లి, సూర్యాపేట

సలహా: అమ్మా, ఫోనిచ్చినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. ఇచ్చే వేళనే కాస్త మార్చుకోవాలి.

ముందు వాంతుల సంగతి. బస్సు కుదుపులు లోచెవికి తెలుస్తుంటాయి. కళ్లు మాత్రం కదలని తెరకు అతుక్కుని ఉంటాయి. ఈ రెండింటికీ పొంతన కుదరకే కడుపులో తిప్పుతుంది. అందుకే బస్సు నడుస్తున్నంతసేపూ కిటికీ చూపించండి. కార్టూన్‌ను బస్టాండులో ఎదురుచూసేటప్పటికి, కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో హుజూర్‌నగర్‌లో బస్సు ఆగినప్పటికి దాచుకోండి. ఫోను లేకున్నా వాంతులు ఆగకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఎంతసేపు అంటారా? రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ అదే. సూర్యాపేట నుంచి కోదాడ సుమారు 45 కిలోమీటర్లు. దారి పొడవునా ఫోనిస్తే ఆ గంట అక్కడే అయిపోతుంది. ప్రయాణం ఉన్న రోజు ఇంట్లో టీవీ కట్టెయ్యాల్సిందే.

ఇక బస్టాండులో ఏడుపు. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంటే, ఎక్కడ ఆపాలో పాపకెలా తెలుస్తుంది? ఇంటి దగ్గరే మూడు నాలుగు చిన్న పాటలు డౌన్‌లోడ్ చేసుకోండి. ఆటోప్లే ఆపెయ్యండి. ‘ఈ పాట అయిపోతే ఫోను సంచిలోకి’ అని ముందే చెప్పండి. పాట అయ్యాక ఆపే బటన్ పాపతోనే నొక్కించండి. మధ్యలో లాక్కోవద్దు.

ఏం చూపించాలన్నదీ ముఖ్యమే. 2008లో పోగో చానల్లో మొదలైన ఛోటా భీమ్ మన హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్ తీసిందే. మనవాళ్లదని ముచ్చటపడదాం గానీ, ఆ కొట్లాటలు, ఆ వేగం రెండున్నరేళ్ల పిల్లకు ఎక్కువ. నెమ్మదిగా సాగే తెలుగు బాలగేయాలు నయం. వాటిని ఇంట్లో పాప పక్కన కూర్చుని చూడండి. పెద్దవాళ్లు తోడుండి మాట్లాడుతూ చూపిస్తే ఈ వయసు పిల్లలకు బాగా ఒంటబడుతుంది. అప్పుడు బస్సులో ఫోను తియ్యక్కర్లేదు. ‘పాటలో ఆవు ఏదీ? బయట వెతుకు’ అంటే చాలు. సాగర్ కాల్వ, సిమెంటు లారీలు, మిర్యాలగూడ దగ్గర రైస్‌మిల్లులు... మీ దారుల్లో చూపించడానికి కరువా? బస్సు ఆగినప్పుడు ఫోనిచ్చినా, ఇంజిను మోతలో వినబడటం లేదని సౌండ్ పెంచొద్దు, చిన్న చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టొద్దు. ఆ పాట మీరే పాడండి.

మీ అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. ఆమె పిల్లల్ని ఎత్తుకోవడానికి ఇంటినిండా మనుషులుండేవారు, మీ బస్సులో ఎత్తుకునేది మీరొక్కరే. ఆమెకొచ్చిన పాటలు పాపకు నేర్పమని అడగండి. మీ ఆయనకూ ఒక మాట చెప్పండి: వచ్చే ప్రయాణంలో పాప కూర్చోవాల్సింది ఆయన ఒళ్లో.