ఆకు రంగు మారే కాలం



మన రాత్రి బడి గోడకు ఒక కేలండరు వేలాడుతున్నది. అందులో ఒక అడవి బొమ్మ ఉంది. ఆ అడవిలో ఆకుపచ్చ రంగు తక్కువ. ఒక చెట్టు పసుపు. ఒక చెట్టు నారింజ. ఒక చెట్టు కుంకుమ పోసినంత ఎరుపు.

ఒక రోజు పలక పట్టుకుని వచ్చిన ఒక అవ్వ ఆ బొమ్మ ముందు ఆగిపోయింది.

"గిదేం చెట్టు బిడ్డా? నిప్పు అంటుకున్నట్టున్నది. మోదుగు పూలా?" అని అడిగింది.

"పూలు కావవ్వా, ఆకులే" అన్నాను.

అవ్వ నమ్మలేదు. "ఆకులు ఎక్కడన్నా ఎర్రగుంటయా? బొమ్మలు గీసేటోళ్లు ఉత్తగనే రంగు పూసిన్రు" అన్నది. అందరూ నవ్వారు.

అవ్వ అడిగింది మంచి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

ఆకు ఎందుకు ఎర్రబడుతుంది?

మన దగ్గర చాలా చెట్లు చలికాలం చివర ఆకు రాలుస్తాయి. ఎండలు ముదిరేలోగా మళ్లీ చిగురు వేస్తాయి. కానీ చలి బాగా ఎక్కువగా ఉండే దేశాలు ఉన్నాయి. అమెరికాకు ఉత్తరపు వైపు, కెనడాలో చలికాలంలో మంచు కురుస్తుంది. నేల గడ్డ కడుతుంది. అక్కడి చెట్లు చలి రాకముందే, అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఆకు రాల్చడానికి సిద్ధమవుతాయి. మన తెలంగాణలో తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేర్చే రోజులు కూడా దాదాపు అవే.

ఆకులో ఆకుపచ్చని పదార్థం ఒకటి ఉంటుంది. దాని పేరు పత్రహరితం. ఎండ సాయంతో చెట్టుకు తిండి తయారు చేసేది అదే. పగలు చిన్నదై, చలి మొదలైతే చెట్టు పత్రహరితాన్ని తయారు చేయడం ఆపేస్తుంది. ఉన్నది కరిగిపోతుంది. అప్పుడు దాని చాటున దాగిన పసుపు రంగు బయటికి వస్తుంది. ఆ పసుపు కొత్తగా వచ్చింది కాదు. ఆకులో ముందు నుంచీ ఉన్నదే.

ఎరుపు సంగతి వేరు. మేపుల్ వంటి కొన్ని చెట్ల ఆకుల్లో అది అప్పుడే కొత్తగా తయారవుతుంది. ఆకులో మిగిలిన చక్కెర నుంచి పుడుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చల్లదనం ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. ఆకు తొడిమ దగ్గర ఒక పొర ఏర్పడుతుంది. ఆకు ఊడి నేల మీద పడుతుంది.

కాబట్టి ఆ బొమ్మలో రంగు ఉత్తగా పూసింది కాదు. ఉన్నదే గీశారు. కానీ ఉన్నదాన్ని గీయడం తేలిక కాదు.

పడవలో తిరిగిన చిత్రకారుడు

ఆ రంగులు నిండుగా ఉండేది కొద్ది రోజులే. పెద్ద గాలి వచ్చినా, వాన కొట్టినా ఆకులన్నీ నేల మీద ఉంటాయి. మరి చిత్రకారుడు వాటిని ఎట్లా పట్టుకోవాలి?

కెనడాలో టామ్ థామ్సన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1877 లో పుట్టాడు. అల్గాన్‌క్విన్ అనే పెద్ద అడవికి 1912 లో మొదటిసారి వెళ్లాడు. తరువాత ఏటేటా వెళ్లేవాడు. చిన్న పడవలో చెరువుల మీద తిరిగేవాడు. అడవిలోనే గుడారం వేసుకునేవాడు.

వెంట పెద్ద గుడ్డలు తీసుకుపోలేదు. చిన్న చెక్క పలకలు తీసుకుపోయేవాడు. మన పలక కంటే పెద్దవి కావు. జానెడు ఎత్తు, జానెడు కంటే కొంచెం ఎక్కువ వెడల్పు. చెట్టు ముందు కూర్చుని చూసింది చూసినట్టు గబగబా రంగు వేసేవాడు. ఆకు ఆకు గీయలేదు. ఒక కుంచె దెబ్బ వేస్తే అది ఒక గుబురు. చలికాలంలో టొరంటో నగరానికి వచ్చేవాడు. అక్కడ ఒక చిన్న పాకలో ఉండి, కొన్ని పలకలను చూసి పెద్ద బొమ్మలు వేసేవాడు.

1917 జూలైలో ఆ అడవిలోని చెరువులోనే మునిగి చనిపోయాడు. అప్పటికి 39 ఏళ్లు. ఆయన వేసిన చిన్న పలకలు వందల్లో ఉన్నాయి.

ఇది ఒక పద్ధతి. చెట్టు దగ్గరికి వెళ్లి, రంగు పోకముందే పట్టుకోవడం. మరి ఇంటి పని, చేను పని, పిల్లల పని విడిచి అడవికి పోలేని మనిషి ఏం చేయాలి? దానికి అమెరికాలో ఒక రైతు ఇల్లాలు దారి చూపింది.

మోసెస్ అవ్వ

ఆమె పేరు అన్నా మేరీ. 1860 లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో పుట్టింది. పది మంది పిల్లల్లో ఒకతె. చిన్నప్పుడు నాన్న కాగితం తెచ్చిస్తే బొమ్మలు గీసేది. రంగులు లేకపోతే ద్రాక్ష రసం పూసేది.

పన్నెండేళ్లకే పరాయి ఇంట్లో పనికి కుదిరింది. వంట, బట్టలు, ఇల్లు ఊడవడం. పదిహేనేళ్ల దాకా అదే బతుకు. 1887 లో థామస్ మోసెస్ అనే రైతుకూలీని పెళ్లి చేసుకుంది. ఇద్దరూ వర్జీనియా అనే రాష్ట్రానికి వెళ్లి వ్యవసాయం చేశారు. ఆమె వెన్న తీసి అమ్మింది. పది కాన్పులు అయ్యాయి. ఐదుగురు బిడ్డలు పసితనంలోనే పోయారు. 1905 లో మళ్లీ న్యూయార్క్ రాష్ట్రానికి తిరిగి వచ్చారు. 1927 లో భర్త చనిపోయాడు.

అక్కలారా, ఇందులో మనకు తెలియని కష్టం ఏమన్నా ఉందా?

తరువాత ఆమె గుడ్డ మీద ఊలు దారంతో బొమ్మలు కుట్టేది. వేళ్ల కీళ్లు నొప్పి పెట్టాయి. సూది పట్టడం కష్టమైంది. "సూది కంటే కుంచె తేలిక, రంగులు వెయ్యరాదా" అని చెల్లెలు సలహా ఇచ్చింది. అట్లా 75 ఏళ్లు దాటిన తరువాత ఆమె కుంచె పట్టింది. బొమ్మలు వేయడం ఏ బడిలోనూ నేర్చుకోలేదు.

ఒకసారి ఊరి సంతలో తను చేసిన జాము, నిల్వ పండ్లు, తన బొమ్మలు ప్రదర్శనకు పెట్టింది. జాముకు బహుమతి వచ్చింది. బొమ్మలను ఎవరూ పట్టించుకోలేదు. అయినా మానలేదు.

1938 లో ఆమె బొమ్మలు కొన్ని ఒక మందుల దుకాణం అద్దం వెనక ఉన్నాయి. ధర ఒక్కోటి మూడు నుంచి ఐదు డాలర్లు. ఆ దారిన పోతున్న ఒక పెద్దమనిషి చూశాడు. ఉన్నవన్నీ కొన్నాడు. 1939 లో న్యూయార్క్ నగరంలోని పెద్ద మ్యూజియంలో ఆమె బొమ్మలు మూడు పెట్టారు. 1940 అక్టోబరులో ఆమె ఒక్కదాని బొమ్మలతోనే ప్రదర్శన జరిగింది. అప్పుడు ఆమెకు 80 ఏళ్లు. లోకమంతా ఆమెను గ్రాండ్మా మోసెస్ అన్నది. అంటే మోసెస్ అవ్వ.

చూసింది మనసులో ఉంటుంది

మోసెస్ అవ్వ చెట్టు ముందు కూర్చుని గీయలేదు. ఇంట్లో బల్ల ముందు కూర్చుని, తన జ్ఞాపకంలో ఉన్నది గీసింది. ఎన్నో ఏళ్లు ఆకు రాలే కాలం వచ్చింది, పోయింది. ఆమె పని చేస్తూనే చూసింది.

1947 లో ఆమె ఒక బొమ్మ వేసింది. ఆపిల్ పండ్లను ఉడికించి చిక్కటి ముద్దగా చేయడం అందులో విషయం. అది ఆకు రాలే కాలంలో చేసే పని. పెద్ద ఇల్లు, ఆరుబయట పొయ్యి, పొయ్యి మీద గుండిగ, తలా ఒక పని చేస్తున్న మనుషులు. మన దగ్గర బెల్లం వండే చోట ఉన్నంత సందడి ఉంటుంది. ఆ ఇల్లు వర్జీనియాలోది. బొమ్మ వేసేనాటికి ఆమె ఆ రాష్ట్రం విడిచి 40 ఏళ్లు దాటింది.

ఆకు రాలే కాలం అంటే ఆమెకు ఒట్టి చెట్లు కావు. పండ్లు దింపే కాలం. చలికాలానికి తిండి దాచుకునే కాలం. పని చేసిన మనిషికే ఆ సంగతి తెలుస్తుంది.

బొమ్మ వేసే వరుస

ఆమె పద్ధతి చూడండి.

ఒకటి. గట్టి అట్టను కావలసిన కొలతకు కోసి అవిసె నూనె పూసేది.

రెండు. దాని మీద తెల్ల రంగు మూడు పూతలు వేసేది. అడుగు తెల్లగా ఉంటే పైన వేసిన రంగు తేటగా కనపడుతుంది. ముగ్గు వేసే ముందు మనం అలికినట్టే అనుకోండి.

మూడు. పై నుంచి కిందికి వచ్చేది. ముందు ఆకాశం. తరువాత కొండలు. తరువాత చేలు, చెట్లు, ఇళ్లు. చివరికి పశువులు, మనుషులు.

నాలుగు. మనిషి నిలబడ్డ తీరు, బండి, గుర్రం సరిగా రావడానికి పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి దాచుకునేది. వాటిని చూసి గీసేది.

దూరపు కొండలు నీలంగా, పలచగా వేసేది. దగ్గరివి ముదురుగా వేసేది. రేపు పొద్దున మీరు మీ ఊరి గుట్ట వైపు చూడండి. దూరంగా ఉన్న గుట్ట నీలంగానే కనపడుతుంది.

రంగుకు తోడు రంగు

ఎర్ర ఆకు వెలిగినట్టు కనపడాలంటే ఎరుపు ఎక్కువ పూస్తే సరిపోదు. పక్కన ఏ రంగు ఉందో అది ముఖ్యం. ఎరుపు పక్కన ముదురు ఆకుపచ్చ పెడితే రెండూ లేచి కనపడతాయి. నారింజ పక్కన నీలం కూడా అంతే. అందుకే థామ్సన్ బొమ్మల్లో నారింజ చెట్లకు తోడుగా నీలం నీళ్లు ఉంటాయి.

ఈ సంగతి చిత్రకారులకే తెలుసు అనుకోకండి. ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు ఎంచుకునే ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ఇంకొకటి. అంతా మెరిసే రంగులే పెడితే ఏదీ మెరవదు. ఎండుటాకు గోధుమ రంగు, బెరడు బూడిద రంగు కూడా కావాలి. వాటి మధ్యనే ఎరుపు నిలబడుతుంది.

బొమ్మ కింది పేరు

ఈ పాఠం చెప్పే రోజు మోసెస్ అవ్వ బొమ్మ అచ్చయిన ఒక పుస్తకం తెచ్చాను. మా అవ్వ దాన్ని ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఈమె మొదటి వారంలో నాతో, "కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకెందుకు బిడ్డా పలక?" అన్న మనిషి. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. నా వయసు ఇరవై దాటి కొద్ది ఏళ్లే. అరవై ఏళ్ల మనిషికి నేనేం చెప్పగలను?

అవ్వ బొమ్మ కింది మూల మీద వేలు పెట్టింది.

"గివేం అక్షరాలు?"

"ఆమె సంతకం అవ్వా. ఇంగ్లీషులో మోసెస్ అని ఉంది."

"వేలిముద్ర కాదా?"

"కాదు. తన పేరు తనే రాసుకున్నది."

అవ్వ పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. "ఎన్నేళ్లు బతికింది?" అని అడిగింది.

"101 ఏళ్లు. 1961 డిసెంబరులో పోయింది. పదిహేను వందలకు పైగా బొమ్మలు వేసింది."

అవ్వ లెక్క వేసుకున్నది. తరువాత పలక తుడిచి, "ఇయ్యాల ఏం అక్షరం?" అన్నది.

కొత్త మాటలు

పత్రహరితం – ఆకులోని ఆకుపచ్చని పదార్థం
కుంచె – రంగు వేసే సాధనం
ప్రదర్శన – నలుగురూ చూడటానికి పెట్టడం
సంతకం – చేతితో రాసిన పేరు గుర్తు

చెప్పండి

1. పసుపు రంగు ఆకులో ముందే ఉంటుందా, కొత్తగా వస్తుందా?
2. థామ్సన్ చిన్న పలకలు ఎందుకు తీసుకుపోయాడు?
3. మోసెస్ అవ్వ సూది విడిచి కుంచె ఎందుకు పట్టింది?
4. బొమ్మలో ఆమె ముందు ఏం వేసేది? చివర ఏం వేసేది?

చేయండి

మీ వాకిట్లో లేక చేను గట్టున ఉన్న ఒక చెట్టును చూడండి. దాని ఆకుల్లో ఎన్ని రంగులు ఉన్నాయో లెక్క పెట్టండి. లేత ఆకు, ముదురు ఆకు, పండుటాకు, ఎండుటాకు అన్నీ చూడండి. ఆ రంగుల పేర్లు పలక మీద రాయండి. కింద మీ సంతకం పెట్టండి.