నైనా? ఫార్టీయా? ఫార్టీ ఫైవా? – చేతి తుపాకి కేలిబరు కథ

అమెరికాలో చేతి తుపాకి కొందామని దుకాణానికి వెళ్ళిన మనవాళ్ళని అద్దాల బల్ల అవతలి మనిషి ముందుగా అడిగేది కేలిబరు గురించి. నైనా, ఫార్టీయా, ఫార్టీ ఫైవా? ఒకరు "పెద్దదే మందు" అంటారు, పక్కవారు "గురి ఉంటే ఏదైనా ఒకటే" అంటారు. ఈ తగవు వందేళ్ళ పైబడినది. ఇందులో భౌతికశాస్త్రం పాలెంతో, పుకారు పాలెంతో చూద్దాం.

దానికి ముందు ఒక చట్టం మాట. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం ఇక్కడి సమాఖ్య చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండడం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. "కొనడం లేదు కదా, రేంజిలో గంట సేపు అద్దెకి తీసుకుని సరదాగా కాలుస్తాను" అన్నా కుదరదు. చేతిలోకి తీసుకుంటే దగ్గర ఉంచుకున్నట్లే లెక్క. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు కాని, రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. సరదా కోసం ఇమ్మిగ్రేషన్ మీదికి తెచ్చుకోకండి.

ఇక అసలు విషయం. కేలిబరు అంటే స్థూలంగా తుపాకి గొట్టం లోపలి అడ్డుకొలత, లేదా అందులోంచి వెళ్ళే గుండు అడ్డుకొలత. ఫార్టీ ఫైవ్ అంటే అంగుళంలో నూటికి 45 వంతులు, అంటే సుమారు 11.5 మిల్లీమీటర్లు. ఫార్టీ అంటే 10 మిల్లీమీటర్ల పైచిల్లర. నైన్ అంటే 9 మిల్లీమీటర్లు. మూడింటికీ తేడా రెండున్నర మిల్లీమీటర్లే అన్నమాట!

పేర్లని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. .38 స్పెషల్ గుండు అడ్డుకొలత నిజానికి 0.357 అంగుళం. .357 మేగ్నం గుండు కొలత కూడా అదే. మేగ్నం రివాల్వరులో .38 స్పెషల్ తూటా కాల్చవచ్చు, .38 రివాల్వరులో మేగ్నం తూటా కాల్చకూడదు. అలాగే "నైన్" అని అందరూ అనేది 1902 ప్రాంతంలో జర్మనీలో గియోర్గ్ లూగర్ తయారుచేసిన 9 × 19 తూటా. .380 ఆటో గుండు కూడా తొమ్మిది మిల్లీమీటర్లదే కాని తూటా పొట్టిది. డబ్బా మీదా, తుపాకి గొట్టం మీదా ఒకే పేరు ఉందో లేదో చూసుకోవాలి.

ఇండియాలో ఈ బేరం ఇలా ఉండదు. అక్కడ 9 ఎం.ఎం., .38 లాంటివి "నిషిద్ధ బోరు"లు. మామూలు లైసెన్సుకి అవి దొరకవు. అందుకే మన ఊళ్ళలో పెద్దమనుషుల నడుముకి వేలాడేది ఎక్కువగా .32 రివాల్వరే.

ఇప్పుడు చిన్న లెక్క. సాధారణంగా దొరికే నైన్ గుండు బరువు 8 గ్రాములు, వేగం సెకనుకి సుమారు 350 మీటర్లు. ఫార్టీ ఫైవ్ గుండు 15 గ్రాములు, వేగం 255 మీటర్లు. హైస్కూల్లో చదువుకున్న గతిశక్తి సూత్రంలో ఈ అంకెలు వేసి చూడండి. రెండింటికీ 490 జౌళ్ళు అటూ ఇటూగా వస్తుంది. అయిదు కిలోల బియ్యం సంచి పది మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి అంత. ఒకటి తేలిక, వేగం. మరొకటి బరువు, నెమ్మది. శక్తి మాత్రం ఒకటే.

ద్రవ్యవేగం కట్టి చూస్తే తేడా బయట పడుతుంది. నైన్‌కి 2.8, ఫార్టీకి 3.5, ఫార్టీ ఫైవ్‌కి 3.8. గుండు ముందుకి ఎంత ద్రవ్యవేగంతో వెళుతుందో తుపాకి వెనక్కి అంతతో తన్నుతుందని న్యూటను మూడో సూత్రం. అంటే నైన్‌తో పోలిస్తే ఫార్టీ పాతిక శాతం, ఫార్టీ ఫైవ్ మూడో వంతు పైగా ఎక్కువ తన్నుతుంది. అన్నట్లు, గుండు తగిలినవాడు ఎగిరి వెనక్కి పడడం సినిమాలోనే సాధ్యం. 70 కిలోల మనిషికి నైన్ గుండు ఇవ్వగలిగే వేగం సెకనుకి నాలుగు సెంటీమీటర్లు. చీమ కంటే కాస్త నయం.

మరి ఆపేది ఏమిటి? ఈ ప్రశ్నకి అమెరికా పోలీసులు చాలా ఖరీదైన పాఠం నేర్చుకున్నారు. 1986 ఏప్రిల్ 11న ఫ్లోరిడాలోని మయామీ దగ్గర ఎనిమిదిమంది ఎఫ్.బి.ఐ. ఏజంట్లు ఇద్దరు బేంకు దొంగలని అడ్డగించారు. దొంగల్లో మైకేల్ ప్లాట్ అనేవాడికి మొదట్లోనే ఒక నైన్ గుండు తగిలింది. అది చేతిలోంచి దూసుకుపోయి ఛాతీలోకి దిగి, గుండెకి అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ గాయానికి వాడు చచ్చేవాడే, కాని వెంటనే కాదు. ఈలోగా రైఫిలుతో కాలుస్తూనే ఉన్నాడు. బెన్ గ్రోగన్, జెరీ డవ్ అనే ఇద్దరు ఏజంట్లు చనిపోయారు, మరో అయిదుగురు గాయపడ్డారు.

తప్పంతా గుండు మీదికి తోసెయ్యడం నాకు పూర్తిగా సబబుగా అనిపించదు. అవతల రైఫిలు, ఇవతల ఎక్కువగా చేతి తుపాకులు. అయినా ఆ రోజు వల్ల ఒక మంచి పని జరిగింది. గుళ్ళని కొలిచి చూడడం మొదలయింది. మాంసాన్ని పోలి ఉండేలా పదిశాతం జెలటిన్‌తో దిమ్మె పోసి, దాని మీదికి నేరుగానూ, మందపాటి బట్టలు, ఇనప రేకు, గోడ పలక, ప్లైవుడ్, కారు అద్దం అడ్డం పెట్టీ కాలుస్తారు. గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. చేతి తుపాకి గుండు తన దారిలో నలిపినంత మేరకే దెబ్బ తీస్తుంది కనుక ఎంత లోతు, ఎక్కడ అన్నవే ముఖ్యమని 1989లో ఆ సంస్థ తేల్చింది. గుండె ఆగిపోయినా మెదడులోని ప్రాణవాయువుతో మనిషి 10 నుంచి 15 సెకన్లు పోరాడగలడని కూడా అందులోనే రాశారు.

తర్వాత జరిగింది ఒక ప్రదక్షిణం. ముందు 10 ఎం.ఎం. తీసుకున్నారు. అది మరీ గట్టిగా తన్నుతోందని మందు తగ్గించారు. మందు తగ్గాక అంత పొడుగు తూటా ఎందుకని 1990లో స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కంపెనీలు దాన్ని కురచ చేసి ఫార్టీని పుట్టించాయి. 1997లో ఎఫ్.బి.ఐ. దాన్ని పుచ్చుకుంది, దేశంలోని పోలీసు శాఖలు ఎన్నో వెంట నడిచాయి. 2014లో అదే సంస్థ శిక్షణ విభాగం మళ్ళీ నైన్ చాలునంది. ఈ మధ్యకాలంలో ముక్కు బోలుగా ఉండే గుళ్ళ తయారీ బాగా మెరుగుపడింది. లోపలికి దిగాక పువ్వులా విచ్చుకుని నైన్ కూడా కావలసిన లోతుకి వెళుతోంది. పైగా పోలీసులు కాల్చే గుళ్ళలో తగిలేవి 20–30 శాతమేనని ఆ నివేదికలోనే ఉంది. తక్కువ తన్నేది చేతిలో ఉంటే రెండో గుండు త్వరగా, గురిగా వెళుతుంది. తుపాకిలో పట్టేవీ ఎక్కువే. గ్లాక్ కంపెనీ పెద్ద పిస్తోళ్ళలో నైన్ 17 పడితే, ఫార్టీ 15, ఫార్టీ ఫైవ్ 13. అమెరికా సైన్యమయితే 1985లోనే ఫార్టీ ఫైవ్ వదిలి నైన్‌కి మారింది, 2017లో కొత్త పిస్తోలు ఎంచుకున్నప్పుడూ నైన్‌లోనే ఉండిపోయింది.

పోలీసుల లెక్క మన ఇంటికి పూర్తిగా అతకదు. ఇక్కడి ఇళ్ళ లోపలి గోడలు కర్ర చట్రానికి కొట్టిన జిప్సం పలకలు. నైనయినా, ఫార్టీ ఫైవయినా ఇలాంటి గోడలు రెండు మూడు దాటేస్తుంది. బోలు ముక్కులో జిప్సం పొడి కూరుకుపోతే గుండు విచ్చుకోక, ఇంకా దూరం పోతుంది. ఆ గోడ అవతల పిల్లల మంచం ఉందా, పక్క అపార్టుమెంటు వారి సోఫా ఉందా అన్నది కేలిబరు కంటే ముందు ఆలోచించవలసిన సంగతి. తాళం వేసే పెట్టె కూడా తుపాకితో పాటే కొనాలి.

రేంజిలో కాల్చుకోవడానికే అయితే నా ఓటు ముందు .22కి, తర్వాత నైన్‌కి. తూటాలు చవక, చెయ్యి అదరదు, కాబట్టి ఎక్కువ కాల్చి నేర్చుకుంటారు. ఫార్టీ ఫైవ్ ఇష్టమయినవారిని కాదనను. 1911 నాటి ఆ పిస్తోలు పట్టుకుంటే వచ్చే ముచ్చట వేరు. చెయ్యి చిన్నదనీ, వేళ్ళలో బలం చాలదనీ ఇంట్లోవాళ్ళకి తేలికపాటి బుల్లి .38 రివాల్వరు కొనిపెట్టేవారు ఉన్నారు. తుపాకి ఎంత తేలికయితే అంత గట్టిగా తన్నుతుంది. నాలుగు గుళ్ళు కాల్చి "ఇంక నా వల్ల కాదు" అని లోపల పెట్టేస్తారు. అదే నైన్ కాస్త బరువున్న పిస్తోల్లో పెట్టి ఇచ్చి చూడండి. పై స్లైడు వెనక్కి లాగడం వాళ్ళకి వీలవుతోందో లేదో కొనే ముందు దుకాణంలోనే లాగించి చూడాలి.