సున్నము: దేనితో కలపవలెను, దేనితో కలపరాదు

పసుపు నీటిలో సున్నము వేసిన క్షణములో ఎఱ్ఱనగును. పెండ్లి ఇంట హారతి పళ్ళెములో మీరు చూచినదే. అది సున్నపు క్షారగుణము.

ఆ గుణముతోనే బోర్డో మిశ్రమము తయారగును. ఫ్రాన్సులో మిలార్డే అను శాస్త్రజ్ఞుడు 1885లో ద్రాక్ష బూజు తెగులునకు దీనిని ప్రకటించెను. రొళ్ల ప్రాంతపు వక్కతోటలలో కాయకుళ్ళు కనబడుచోట వానలకు ముందే గెలలపై చల్లవలెను. కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలో కరిగించుడు. వేరొక తొట్టిలో కిలో కాల్చిన సున్నముపై నీరు కొంచెము కొంచెముగా చిలకరించుడు. బుసబుస పొంగును, కండ్లు జాగ్రత్త. చల్లారిన పిదప 50 లీటర్లు చేసి వడగట్టి, తుత్తపు నీటిని అందులో సన్నధారగా పోయుచు కలియబెట్టుడు.

సున్నము చాలకున్న ఆకు మాడును. మెరయు ఇనుపకత్తిని ఒక నిమిషము ముంచి చూడుడు. రాగిపూత పట్టినచో ఇంకను సున్నపు నీరు పోయవలెను. విద్యార్థిగా నేను ఇనుపబక్కెటులో కలిపి, రాగిని బక్కెటుకే పట్టించితిని! మట్టి లేక ప్లాస్టిక్ పాత్రలే వాడుడు; కలిపిన నాడే చల్లుడు. గాలి తగిలి పొడియైన పాత సున్నము పనికిరాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దానిని సుద్దగా మార్చియుండును. సున్నపు తేటపై కట్టు తెల్లని పొరయు అదియే.

ఇక అమ్మోనియం సల్ఫేటుతో సున్నము ఎన్నడును కలపరాదు. వెంటనే ముక్కు మండు ఘాటు వచ్చును. మీరు డబ్బిచ్చి కొనిన నత్రజని గాలిలో పోవుచున్నదన్నమాట. సూపర్ ఫాస్ఫేటుతో కలిపినచో భాస్వరము నీట కరుగని రూపమునకు మారును. మట్టి పరీక్ష చేయించక పొలమునకు సున్నము తోలకుడు.